కాన్సర్ట్ ఫోటోలకు 50 ఎంఎం ఎఫ్/1.8: వెలుగు సరే, మైకుతోనే తంటా

కాన్సర్ట్ ఫోటోలు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఏ లెన్స్ కొనాలని అడిగితే ఎవరైనా చెప్పేది 50 ఎంఎం ఎఫ్/1.8. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా మీద చాలాకాలంగా వాడుతున్నాను, నా మాటా అదే. బరువు, ధర, ప్లాస్టిక్ బాడీ సంగతులు అందరికీ తెలిసినవే. నాకు ఇది నచ్చడానికి కారణం ఒక్కటే, ఆ 1.8. అది అపెర్చర్ అంకె, అంటే లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పేది. అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు.

కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌ను 50 దాకా జూమ్ చేస్తే అపెర్చర్ 5.6 దగ్గర ఆగిపోతుంది. 1.8కీ దానికీ మధ్య మూడు స్టాప్‌ల పైనే తేడా (ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపు), అంటే దాదాపు పది రెట్ల వెలుగు. పాడుతున్న మనిషి కదలిక చెరగకుండా పడాలంటే షట్టర్ స్పీడ్ 1/250 సెకను దగ్గర పెట్టుకోవాలి. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుగు చాలకపోతే పెంచుకునే అంకె, పెరిగేకొద్దీ ఫోటోలో గరుకు చుక్కలు, అంటే నాయిస్, పెరుగుతుంది) 25600 దాకా లాగాల్సిన చోట దీంతో 2500 చాలు. ఫ్లాష్ వాడనివ్వరు, స్టేజ్ ముందు నిలబడి తీయడానికి మొదటి మూడు పాటల వరకే అనుమతి ఇవ్వడం చాలాచోట్ల మామూలు. అలాంటప్పుడు నాయిస్ లేని ఫైలు చేతికి రావడం చిన్న విషయం కాదు.

అసలు తంటా మైకు దగ్గర మొదలవుతుంది. రెండు మీటర్ల దూరం నుంచి 1.8లో తీస్తే క్రాప్ సెన్సర్‌పై షార్ప్‌గా ఉండేది మొత్తం పదకొండు సెంటీమీటర్ల మందమే. అందులో ఫోకస్ పెట్టిన చోటుకు వెనకవైపు పడేది సగమే. పాడేవాళ్ల కళ్లకు మైకు అంతకంటే ఎక్కువే ముందుకు ఉంటుంది. ఆటోఫోకస్ మైకును పట్టుకుందంటే జాలీలో తీగ తీగా లెక్కపెట్టొచ్చు, కళ్లు మాత్రం మసకే. పట్టుకునేది కూడా ఎక్కువగా మైకునే. ఎందుకంటే ఆటోఫోకస్‌కు కాంట్రాస్ట్ కావాలి. ఒకే రంగు ఎల్ఈడీ కింద ముఖం చదునుగా కనిపిస్తుంది, మైకు జాలీ అంచులేమో తళతళా మెరుస్తాయి. పొగ వదిలారంటే ఇక చెప్పక్కర్లేదు, లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది. కెమెరా వెనక చిన్న తెర మీద అంతా బాగున్నట్టే ఉంటుంది, కంటి దగ్గరికి జూమ్ చేస్తేనే బయటపడుతుంది. కాబట్టి మొదటి పాటలోనే ఒకసారి జూమ్ చేసి చూసుకోండి.

ఐ డిటెక్షన్ (కన్ను ఎక్కడుందో తనే పట్టుకోవడం) ఉన్న కెమెరా అయినా మైకు ముఖానికి అడ్డొస్తే తడబడుతుంది. అలాంటప్పుడు అన్నిటికంటే చిన్న సింగిల్ ఫోకస్ పాయింట్ పెట్టుకుని, కంటిన్యువస్ ఫోకస్‌లో (మనిషి కదిలినా వెంటాడేది), మైకుకు దూరంగా ఉన్న కంటి మీదికి జరపాలి. దానికన్నా తేలిక, ఎదురుగా కాకుండా పక్కకు వెళ్లి నిలబడటం. పక్కనుంచి చూస్తే మైకూ కళ్లూ కెమెరాకు దాదాపు సమాన దూరంలోకి వస్తాయి, రెండూ షార్ప్‌గా పడతాయి. మైకు పట్టుకున్న చేతికి అవతలి పక్క ఎంచుకుంటే మోచెయ్యి అడ్డురాదు. లైను పూర్తయ్యాక మైకు నోటి దగ్గర్నుంచి కిందికి దిగే ఆ క్షణం కోసం కాచుకోవడం కూడా మంచిదే.

ఎదురుగానే తీయక తప్పకపోతే అపెర్చర్‌ను 2.8 దాకా మూయండి. షార్ప్ మందం పదిహేడు సెంటీమీటర్లకు పెరుగుతుంది. జాలీ అంచుల వెంట కనిపించే ఊదారంగు కూడా బాగా తగ్గుతుంది. పైన చెప్పిన పది రెట్ల వెలుగు అప్పుడు నాలుగు రెట్లే అవుతుంది, అది వేరే సంగతి. ఆరు మీటర్ల అవతలి నుంచి తీసేవాళ్లకు ఈ గొడవే లేదు, అక్కడ 1.8లోనే మీటరు దాకా షార్ప్‌గా ఉంటుంది.

ముందు యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి, స్టేజ్ లైట్లు దాని మీద పడి ఫ్రేములో పచ్చటి చుక్కలవుతాయి. లెన్స్ ముందు తొడిగే హుడ్ మాత్రం తగిలించండి. వెనక అంతా నలుపే కాబట్టి మామూలు మీటరింగ్ (కెమెరా తనే వెలుగు కొలుచుకోవడం) ముఖాన్ని తెల్లగా కాల్చేస్తుంది, మాన్యువల్‌లో పెట్టుకోవడం మేలు. ఎర్ర లైటు వెలిగినప్పుడు హిస్టోగ్రామ్‌లో (వెలుగు ఎంత ఎక్కడుందో చూపే గ్రాఫ్) ఎరుపు ఛానెల్‌ను విడిగా చూడాలి, అది అంచు దాటితే రా ఫైలులో (సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచేది) కూడా ముఖం వివరాలు తిరిగి రాకపోవచ్చు. సైలెంట్ షట్టర్ జోలికి పోవద్దు, చాలా కెమెరాల్లో ఎల్ఈడీ కింద ఫోటో నిండా అడ్డచారలు పడతాయి. ఇందులో లెన్స్ తప్పేమీ లేదు.

కొనొచ్చా అంటే, అది మీరు నిలబడే చోటును బట్టి ఉంటుంది. నాకు ఎక్కువగా చిన్న స్టేజ్‌లే, అదీ ముందు వరసలో, కాబట్టి నాకు సరిపోయింది. అయినా మూడు మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు 1.4 మీటర్లే, బ్యాండ్ మొత్తం అందులో పట్టదు. ఇరుకు హాళ్లలోనే తీస్తానంటే 35 ఎంఎం నయం. జనం వెనక నుంచి తీయాలంటే 70-200 ఎఫ్/2.8 అద్దెకు తెచ్చుకోండి, దీంతో కష్టం. పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా వాళ్లు ఇదే ఫ్రేమింగ్ కోసం 85 ఎంఎం ఎఫ్/1.8 చూస్తుంటారు. మంచి లెన్సే, కానీ 1.8లో దాని షార్ప్ మందం దీనికన్నా పలచన, మైకు తంటా ఇంకాస్త ఎక్కువ.