ఫైన్‌వెర్క్‌బావ్ 700 ట్రిగ్గర్: ఎనిమిది నెలలు వాడాక

ఫైన్‌వెర్క్‌బావ్ 700 అంటే జర్మన్ కంపెనీ పది మీటర్ల పోటీల కోసం చేసే ఎయిర్ రైఫిల్. ముందే చెప్పేస్తాను, నా రైఫిల్ కొత్తది కాదు. హైదరాబాద్‌లో ఒక సీనియర్ షూటర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఎనిమిది నెలలుగా వారానికి నాలుగు రోజులు బెజవాడ పటమటలో ఒక మేడ మీదున్న పది మీటర్ల రేంజ్‌లో నేనూ మా అమ్మాయీ దీంతోనే కాలుస్తున్నాం. గన్ గురించి రాయాలంటే చాలా ఉంది కానీ ఇక్కడ ట్రిగ్గర్ గురించే రాస్తాను, ఎందుకంటే రేంజ్‌లో ఎవరు పలకరించినా అడిగేది అదే, "ఎన్ని గ్రాములకి పెట్టావన్నా?" అని, అంటే ట్రిగ్గర్ విడవడానికి ఎంత బలంతో లాగాలని. నేను కూడా చాలాకాలం ఆ అంకె చుట్టూనే తిరిగాను. ట్రిగ్గర్ కొనేటప్పుడు, సెట్ చేసుకునేటప్పుడు గ్రాముల కంటే ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయని ఈ గన్ చేతికొచ్చాకే అర్థమైంది.

దీనికి ముందు నాది స్ప్రింగ్ గన్, అంటే లోపలి స్ప్రింగ్ బలంతో కాల్చే ఎయిర్ గన్. షాపతను "అడ్జస్టబుల్ ట్రిగ్గర్ సార్" అని ఒకటికి రెండుసార్లు చెప్పి, ట్రిగ్గర్ వెనక చిన్న స్క్రూ కూడా చూపించాడు. ఇంటికొచ్చి సూట్‌కేసులు తూచే డిజిటల్ కాటా కొక్కెం తగిలించి లాగితే రెండు కిలోల నాలుగు వందల గ్రాములు చూపించింది. స్క్రూ ఎటు తిప్పినా అంతే. ఆ స్క్రూ ఫస్ట్ స్టేజ్ (మొదట్లో ట్రిగ్గర్ తేలిగ్గా వచ్చే భాగం) ఎంత దూరం నడవాలన్నది మాత్రమే మారుస్తుందట, బరువుతో దానికి సంబంధమే లేదట. గన్నే మూడున్నర కిలోలు, దాని ట్రిగ్గర్‌ని రెండున్నర కిలోల బలంతో లాగితే గన్ కదలకుండా ఎలా ఉంటుంది? పైగా ఆ లాగుడు తిరునాళ్ళలో అమ్మే జీళ్ళలా సాగుతూనే ఉండేది, ఎక్కడ తెగుతుందో తెలిసేది కాదు. కాబట్టి మొదటిసారి కొనేవాళ్ళు "అడ్జస్టబుల్" అన్న మాట వినగానే ఒప్పుకోకండి, ఏది అడ్జస్ట్ అవుతుందని అడగండి. ఫస్ట్ స్టేజ్ దూరమా, ఫస్ట్ స్టేజ్ బరువా, సెకండ్ స్టేజ్ బరువా, సియర్ (నొక్కేదాకా షాట్‌ని పట్టి ఉంచే లోహపు ముక్క) పట్టా, షాట్ అయ్యాక ట్రిగ్గర్ వెనక్కి పోకుండా ఆపే స్టాపా? ఇవన్నీ వేరువేరు సంగతులు. మ్యాచ్ రైఫిల్‌లో, అంటే పోటీల రైఫిల్‌లో, వీటికి విడివిడిగా స్క్రూలు ఉంటాయి, చవక గన్‌లో ఒక్క స్క్రూ పెట్టి అదే మాట వాడేస్తారు.

టూ స్టేజ్ ట్రిగ్గర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వేలు పెట్టి నొక్కితే మొదట కొంచెం దూరం తేలిగ్గా వస్తుంది, అది ఫస్ట్ స్టేజ్. తర్వాత గోడ తగిలినట్టు ఆగుతుంది. అక్కడ నిలబడి, గురి కుదిరాక, ఇంకొంచెం ఒత్తిడి పెంచితే కదిలినట్టు కూడా తెలియకుండా షాట్ వెళ్ళిపోవాలి. గోడ తర్వాత కూడా ట్రిగ్గర్ నడుస్తున్నట్టు అనిపిస్తే అదే క్రీప్. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, మనం కాల్చే పెల్లెట్టేమో నాలుగున్నర మిల్లీమీటర్లు. స్కోరు దశాంశాల్లో, ఒక్కో షాట్‌కి గరిష్ఠం 10.9. ఆ లెక్కలో వేలు చేసే ప్రతి చిన్న తప్పూ స్క్రీన్ మీద కనపడుతుంది.

ఇక 700 విషయం. ఆ గోడ ఈ ట్రిగ్గర్‌లో ఎంత శుభ్రంగా ఉంటుందంటే, మొదటిరోజు డ్రై ఫైర్‌లో (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే పద్ధతిలో) పెట్టి ఒక గంటసేపు ఊరికే నొక్కుతూ కూర్చున్నాను. ప్రతిసారీ అదే చోట ఆగుతుంది, అదే ఒత్తిడికి తెగుతుంది. బరువు కొలవడానికి నేను చేసే పని ఇది: గన్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, డ్రై ఫైర్‌లో కాక్ చేసి, బారెల్ పైకి నిలబెట్టి, స్కూటర్ క్లచ్ వైర్‌తో చేసిన కొక్కేనికి చిన్న నీళ్ళ బాటిల్ కట్టి ట్రిగ్గర్‌కి తగిలిస్తాను. సిరంజితో కొంచెం కొంచెం నీళ్ళు పోస్తూ పోతే ఒకచోట టిక్కుమంటుంది. అప్పుడు బాటిల్, కొక్కెం కలిపి వంటింటి కాటా మీద పెడితే గ్రాములు వచ్చేస్తాయి. పదిసార్లు కొలిస్తే 108 నుంచి 112 మధ్యలో వచ్చింది. పాత స్ప్రింగ్ గన్‌ని సూట్‌కేసు కాటాతో పదిసార్లు లాగితే రెండు వందల గ్రాములు అటూ ఇటూ అయ్యేది. నాకు 110 అన్న అంకె కంటే ఆ నాలుగు గ్రాముల తేడా ముఖ్యం. రోజూ ఒకేలా ఉండే ట్రిగ్గర్‌ని వేలు నేర్చుకుంటుంది, మారిపోయేదాన్ని ఎన్నేళ్ళయినా నేర్చుకోలేదు.

అంతర్జాతీయ పోటీల రూల్స్ ప్రకారం ఎయిర్ రైఫిల్‌కి ట్రిగ్గర్ బరువు ఇంత తగ్గకూడదన్న హద్దేమీ లేదు. ఎయిర్ పిస్టల్‌కి మాత్రం కనీసం 500 గ్రాములు ఉండాలి, 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కైతే 1500. హద్దు లేదు కదా అని మొదటి నెలలోనే నేను 50 గ్రాములకి దించేశాను. మే నెల, మధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి, వేలికి చెమట. గన్ పైనుంచి టార్గెట్ మీదికి దించుతున్నాను, ఫస్ట్ స్టేజ్ తీసుకుందామని వేలు ఆనించానో లేదో షాట్ వెళ్ళిపోయింది. పెల్లెట్ టార్గెట్‌కి జానెడు పైన చెక్క ఫ్రేమ్‌లో దిగింది. గన్ ముందుకే చూస్తోంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, కానీ నా కాళ్ళు వణికాయి. మా కోచ్ నాకంటే చిన్నవాడు, ఏమీ కోప్పడకుండా వచ్చి గన్ తీసుకుని, "అన్నా, వేలు పెట్టిన సంగతి ముందు వేలికి తెలియాలి కదా" అని స్క్రూ వెనక్కి తిప్పాడు. ఇప్పుడు ఫస్ట్ స్టేజ్ 70, దానిమీద సెకండ్ స్టేజ్ 40. మొత్తంలో సగం కంటే ఎక్కువ ఫస్ట్ స్టేజ్‌లో పెట్టుకుంటే గోడ దాకా ధైర్యంగా వెళ్ళొచ్చు, అక్కణ్ణుంచి కొంచెం చాలు. కొత్తవాళ్ళు అసలు 150 గ్రాముల కంటే కిందికి దించకండి.

బరువు కంటే ఎక్కువ మార్పు తెచ్చింది బ్లేడు (ట్రిగ్గర్‌లో వేలు ఆనే ముక్క) జరపడం. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, చెయ్యి చిన్నది. గ్రిప్ పట్టుకుంటే వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కి అందేది, అందుకని నొక్కినప్పుడల్లా వేలు పక్కకి తోసేది, షాట్లన్నీ ఎడమవైపు గుంపుగా పడేవి. అందరూ సైట్ తిప్పమన్నారు. కోచ్ మాత్రం బ్లేడుని ఆరు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి, ఒక పిసరు వంచాడు, ఇప్పుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం మధ్యలో ఆనుతోంది. అదే రోజు గుంపు మధ్యలోకి వచ్చేసింది. సైట్ ముట్టుకోలేదు. కొనే ముందు బ్లేడు ముందుకీ వెనక్కీ జరుగుతుందా, పక్కకి వంగుతుందా అని తప్పకుండా చూడండి, ముఖ్యంగా ఒకే గన్‌ని ఇంట్లో ఇద్దరు వాడేటట్టయితే. మేము ఇద్దరి పొజిషన్లకీ రెండు గీతలు పెట్టుకున్నాం, మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో. ప్రతి స్క్రూ తల మీద కూడా అదే గీత ఉంది, కదిలితే వెంటనే తెలిసిపోతుంది.

స్టాప్ స్క్రూ విషయంలో ఒక జాగ్రత్త. షాట్ అయిన వెంటనే ట్రిగ్గర్ ఆగిపోతే బాగుంటుందని మరీ బిగిస్తే ఒక్కోసారి ట్రిగ్గర్ విడవదు. విడిచే చోటు దాటాక పావు తిప్పు వదులు ఉంచండి. సియర్ పట్టు స్క్రూని మాత్రం మాన్యువల్ ముందు పెట్టుకోకుండా ముట్టుకోవద్దు, పట్టు తగ్గించేకొద్దీ షాట్ హాయిగా అనిపిస్తుంది, ఒకరోజు తలుపు మూసిన అదురుకి కూడా విడిచేస్తుంది. ఆటోనగర్‌లో పని చేసేవాణ్ణి కాబట్టి ఇంకోమాట: కిర్రుమంటే నూనె కొట్టే అలవాటు మనది. ట్రిగ్గర్ లోపల స్ప్రే కొట్టకండి. బెజవాడ దుమ్ము ఆ జిడ్డుకి అంటుకుని పేస్టులా తయారవుతుంది, అప్పుడు ఎంత ఖరీదైన ట్రిగ్గరైనా సాగుతుంది.

మ్యాచ్ రైఫిల్‌కి అంత డబ్బు పెట్టలేనివాళ్ళకి నేను చెప్పేది వైరాక్ వాళ్ళ రెకార్డ్ ట్రిగ్గర్. గుంటూరు నుంచి మా రేంజ్‌కి వచ్చే ఒకాయన దగ్గర హెచ్‌డబ్ల్యూ 97 ఉంది, రెకార్డ్ దాంట్లోనే వస్తుంది. బ్లేడు వెనకున్న పెద్ద స్క్రూతో బరువు నిజంగానే తగ్గుతుంది. స్ప్రింగ్ గన్‌లో ఇంత స్పష్టమైన గోడ దొరకడం నాకు ఆశ్చర్యంగా అనిపించింది. ఆ స్క్రూని మరీ వదులు చేస్తే ఊడి వచ్చేస్తుంది, అది చూసుకోండి. స్ప్రింగ్ గన్‌ని పెల్లెట్ లేకుండా కాల్చకండి, పిస్టన్ దెబ్బతింటుంది.

వేట సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే ఇదంతా విని మా పిన్ని కొడుకు అమెరికాలోని విస్కాన్సిన్ నుంచి ఫోన్ చేశాడు. ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అడవి జంతువుల వేట నేరం, పొలం గట్టు మీద సరదాకి కూడా వద్దు. అక్కడ లైసెన్స్ తీసుకుని నవంబర్ చివర్లో తొమ్మిది రోజుల సీజన్‌లో జింకల్ని వేటాడతారు. వాడి దగ్గర రెమింగ్టన్ 700 అనే వేట రైఫిల్ ఉంది (పేరులో 700 ఉన్నా నా గన్‌తో సంబంధం లేదు), దాని ట్రిగ్గర్ మార్చాలట. "అన్నయ్యా, నువ్వు వంద గ్రాములకి పెట్టావు కదా, నేను అరకిలోకి పెడితే తప్పేంటి?" అన్నాడు. తప్పేనురా అన్నాను. రేంజ్‌లో నేను కదలకుండా నిలబడతాను, గన్ ఎప్పుడూ టార్గెట్ వైపే ఉంటుంది. వాడు మంచులో చేతికి గ్లవ్ వేసుకుని చెట్టెక్కి కూర్చుంటాడు, గుండె దడదడలాడుతూ ఉంటుంది, వేళ్ళు మొద్దుబారి ఉంటాయి. ఆ వేలికి అరకిలో తెలియనే తెలియదు.

వాడు కొందామని చూసిన రెండు ట్రిగ్గర్లూ మంచివే. టిమ్నీ అనే కంపెనీ ఆ గన్‌కి ఇచ్చే మామూలు మోడల్ ఒకటిన్నర నుంచి నాలుగు పౌండ్ల దాకా మారుతుంది, అంటే సుమారు 680 గ్రాముల నుంచి 1800 దాకా. ట్రిగ్గర్‌టెక్ కంపెనీ ప్రైమరీ మోడల్ కూడా అంతే, కాకపోతే అందులో సియర్‌కీ ట్రిగ్గర్‌కీ మధ్య చిన్న రోలర్ ఉంటుంది, లోహం మీద లోహం రాసుకోకుండా దొర్లుతుంది కాబట్టి క్రీప్ తెలియదు. అదే కంపెనీ డైమండ్ అని ఔన్సుల్లోకి దిగే మోడల్ అమ్ముతుంది, అది బెంచ్ మీద పెట్టి కాల్చేవాళ్ళకి, చెట్టెక్కేవాళ్ళకి కాదు. ప్రైమరీ తీసుకుని మూడు పౌండ్లకి పెట్టమన్నాను, ఉరామరిగా 1360 గ్రాములు. బిగించాక గన్ ఖాళీ చేసి, కాక్ చేసి, బట్‌ని (భుజానికి ఆనే వెనక భాగాన్ని) రబ్బరు మ్యాట్ మీద గట్టిగా కొట్టి చూడమన్నాను, సేఫ్టీ వేసి ఒకసారి, తీసి ఒకసారి. బోల్ట్ గట్టిగా తోసి మూసి కూడా చూడాలి. ఒక్కసారి విడిచినా అది వేటకి పనికిరాదు. వాడికి చేతకాక గన్‌స్మిత్ దగ్గర బిగించుకున్నాడు, అదే మంచిది.

మళ్ళీ నా ఫైన్‌వెర్క్‌బావ్ సంగతి, దీంట్లో నాకు నచ్చనివి రెండు. స్క్రూలు మరీ చిన్నవి, నాసిరకం అలెన్ కీ పెడితే తల అరిగిపోతుంది, మంచి జర్మన్ కీలు విడిగా కొనుక్కోవాలి. ట్రిగ్గర్‌లో చిన్న స్ప్రింగ్ కావాల్సి వస్తే నాకు ఏడు వారాలు పట్టింది, అప్పటిదాకా అమ్మాయి క్లబ్ గన్‌తో కాల్చింది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్ళు ట్రిగ్గర్ నొక్కి మురిసిపోయి ఎయిర్ సిలిండర్ మీద తేదీ చూడటం మర్చిపోకండి, దానికి వాడకపు గడువు ఉంటుంది. నాదానికి ఇంకా మూడేళ్ళుంది, ఆ లెక్క చెప్పే ధరలో పదిహేను వేలు తగ్గించుకున్నాను.