ఐదు నిమిషాలా, మూడు సార్లా? పార్కు నుంచి పేచీ లేకుండా ఇంటికి

సాయంత్రం ఆరున్నర, కాలనీ పార్కులో దోమలు మొదలయ్యే వేళ. రెండున్నరేళ్ల మా పాప జారుడుబల్ల మెట్లు మళ్లీ ఎక్కుతోంది. "ఇక ఇంటికి వెళ్దామా అమ్మా?" అన్నాను. "వద్దు" అంది. వెళ్లక తప్పనప్పుడు అలా అడగనే కూడదని అప్పుడే తెలిసింది. మరుక్షణం ఇసుకలో వెల్లకిలా పడి ఒకటే ఏడుపు.

ఈ వయసు పిల్లలున్న ఇళ్లలో దీనికి వాడే ఉపాయాలు నాలుగైదు ఉంటాయి. నేను అన్నీ వాడి చూశాను.

"సరే, నువ్వు ఇక్కడే ఉండు, నేను వెళ్లిపోతున్నా" అనేది అందరికీ తెలిసిందే. పిల్లలు వెంటనే పరిగెత్తుకొస్తారు, నిజమే. కానీ ఆ పరుగులో మా పాప మొహం చూశాను. వచ్చింది ఇంటికి వెళ్దామని కాదు, నేను వదిలేస్తానన్న భయంతో. మర్నాడు జారుడుబల్ల ఎక్కేటప్పుడు కూడా నా చున్నీ వదల్లేదు. మళ్లీ ఆ మాట అనలేదు. బూచోడొస్తాడు, పోలీసు పట్టుకెళ్తాడు అనడమూ ఇంతే.

చాక్లెట్ సులువు. నాలుగు రోజులయ్యాక గేటు దగ్గరికి రాకముందే "చాక్లెట్ ఏది?" అని చెయ్యి చాపుతారు. ఫోన్ ఇస్తే ఇంటికొచ్చాక దాన్ని తీసుకోవడానికి ఇంకో యుద్ధం.

ఇక అసలు పోటీ మిగతా రెంటి మధ్యే: "ఇంకో ఐదు నిమిషాల్లో వెళ్దాం" అని ముందే చెప్పడం, "ఇంకో మూడు సార్లు జారి వెళ్దాం" అనడం. నిమిషాల సలహా చాలామంది ఇస్తారు. నాలుగైదేళ్ల పిల్లలకు అది పనిచేయొచ్చు. రెండేళ్ల వాళ్లకు నిమిషమంటే ఏం తెలుసు? మా పాపకు అర్థమయ్యేది "వెళ్దాం" ఒక్కటే. ఆ మాట వినగానే ఉయ్యాల గొలుసు గట్టిగా పట్టేసుకునేది. ఐదు నిమిషాలూ ఆట లేదు, టెన్షనే.

2016లో అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లల్ని టీవీ, టాబ్లెట్ల నుంచి లేపడం గురించి చూసినప్పుడు కూడా, రెండు నిమిషాల ముందు హెచ్చరించిన చోట గొడవ పెరిగినట్టు తేలింది. కార్యక్రమం దానంతట అది అయిపోయినప్పుడు, రోజూ ఒకే సమయానికి ఆపే అలవాటున్నప్పుడు పిల్లలు తేలిగ్గా లేచారట. అది స్క్రీన్ సంగతే అయినా, పార్కులో నాకు ఎదురైందీ దాదాపు ఇదే.

అందుకే లెక్కే మేలంటాను. మూడు వేళ్లు చూపిస్తాను. ఒకసారి జారి రాగానే పాపే నా వేలు ఒకటి మడుస్తుంది. ఆ చిన్న చేతులకు అంటిన ఇసుక నా వేళ్లకూ అంటుతుంది. మూడోది మడిచి "అయిపోయింది" అని తనే అంటుంది. "ఇంకోటి" అన్న రోజులూ ఉన్నాయి. అక్కడ మెత్తబడకూడదు. ఒక్కసారి నాలుగోది ఇచ్చామా, మర్నాటి నుంచి మూడుకు విలువ ఉండదు.

ఉయ్యాలకు పది ఊపులు లెక్కపెడతాను. ఇసుకాటకు లెక్క కుదరదు. అక్కడ "ఈ బకెట్ నింపి బోర్లించేద్దాం" అంటే ఆటకు ముగింపు దొరుకుతుంది. టీవీ అయితే పాట అయిపోగానే బటన్ తననే నొక్కమంటాను. తర్వాతి వీడియో దానంతటదే మొదలవకుండా సెట్టింగ్ ముందే ఆపేసుకోవాలి.

ఆట ఆపాక వెంటనే ఇంకో పని ఉండాలి. జారుడుబల్లకు టాటా చెప్పడం, తాళంచెవి పట్టుకుని రావడం. "నడుస్తావా, ఎత్తుకోనా?" అని అడిగితే ఏది చెప్పినా ఇంటికే.

ఆకలేసినా, నిద్రొచ్చినా ఇవేవీ పనిచేయవు. ఒక అరటిపండు పెట్టి, అరగంట ముందే బయల్దేరడం నయం. అప్పటికే ఏడుపు మొదలైందా, అలాంటి రోజు వేళ్లు లెక్కపెట్టను. "ఇంకా ఆడాలనుంది కదా, తెలుసు నాన్నా" అంటూ ఎత్తుకుని గేటు దాటేస్తాను. మలుపులో కొబ్బరిబోండాల బండి దగ్గరికి వచ్చేసరికి ఏడుపు వెక్కిళ్లలోకి దిగుతుంది, తల నా భుజం మీద వాలుతుంది.