పోలికా, ఊరా, గొంతా: బొమ్మల కథలకు మనుషుల్ని ఎంచడంలో ఏది మేలు?

కార్టూన్ సినిమాగా అందరికీ తెలిసిన అద్భుత కథను మనుషులతో మళ్లీ తీస్తున్నామని డిస్నీ ప్రకటించిన ప్రతిసారీ గొడవ ఒకే చోట మొదలవుతుంది: "ఆ పాత్రకు ఈ అమ్మాయా?" కథ మార్చారనో, పాటలు తీసేశారనో గొణుగుడు తర్వాత వస్తుంది. ముందు ముఖం సంగతి తేలాలి. గత పదేళ్ల తగువులు చూస్తే జనం మూడు కొలతల్లో ఏదో ఒకటి పట్టుకుని మాట్లాడుతున్నారు. పాత బొమ్మతో పోలిక కలవాలనేది ఒకటి. కథ ఎక్కడిదో మనిషీ అక్కడివాడే కావాలనేది రెండోది. పోలికా పుట్టుకా పక్కనబెట్టి, పాత్రకు కావలసిన విద్య ఎవరికి ఉంటే వాళ్లను తీసుకోవాలనేది మూడోది. మూడు రకాలుగానూ సినిమాలు వచ్చేశాయి. వసూళ్లూ తెలుసు, తిట్లూ తెలుసు. కాబట్టి ఏది మేలో తేల్చుకోవడం మరీ కష్టమేమీ కాదు.

పోలికది సులువైన దారి. 2015లో సిండ్రెల్లాగా లిలీ జేమ్స్, 2017లో 'బ్యూటీ అండ్ ద బీస్ట్'లో బెల్‌గా ఎమ్మా వాట్సన్. బొమ్మకు దగ్గరగా ఉన్నారు, ఎవరి కంటికీ గుచ్చుకోలేదు. సిండ్రెల్లా విషయంలో గట్టిగా వినిపించిన అభ్యంతరం నీలం గౌనులో నడుము మరీ సన్నగా కనిపించిందని, అంతే. ఎమ్మా వాట్సన్ సినిమా ప్రపంచవ్యాప్తంగా 126 కోట్ల డాలర్లు తెచ్చింది. అయితే అది పాటల సినిమా. ఆమె పాడిన పాటల్ని మెషిన్‌లో వేసి సరిదిద్దినట్టున్నాయని విన్నవాళ్లు చాలామందే అన్నారు. అలా అంటూనే టికెట్లు కొన్నారు. పోలిక కుదిరితే మిగతా లోపాలకు జనం దగ్గర మాఫీ దొరుకుతుందన్నమాట.

దీన్ని వాళ్ల పిచ్చి అనుకోనక్కర్లేదు. మనకు కృష్ణుడంటే ఈనాటికీ ఎన్టీఆర్ ముఖమే. పోతన నల్లనివాడు అని రాసిన దేవుణ్ణి తెర మీద నీలం రంగులో చూసి దండం పెట్టుకున్నాం, ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. మొదట మనసులో పడిన బొమ్మే మనకు అసలుదవుతుంది, మూలంలో ఏం రాసి ఉన్నా సరే. పోలిక కొలతతో వచ్చే చిక్కు కూడా అదే. అచ్చం పాత బొమ్మలా ఉన్న మనిషిని పెట్టాక ఆ సినిమా సాధించగలిగేది, మహా అయితే పాతదానితో సమానం కావడం. అలాంటప్పుడు పాతదే ఇంకోసారి చూసుకోవచ్చు కదా.

రెండో కొలత పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది. ములాన్ విషయంలో అది న్యాయమే కూడా. చైనా వీరవనిత పాత్రను తెల్లజాతి నటికి ఇవ్వొద్దని 2016లోనే లక్షకు పైగా సంతకాలతో విజ్ఞప్తి వెళ్లింది. మరుసటి ఏడాది చైనాలో పుట్టిన లియూ యీఫేను ఎంచుకున్నారని తెలిసి అందరూ హమ్మయ్య అనుకున్నారు. 2019 ఆగస్టులో ఆమె, ప్రజాస్వామ్య నిరసనలను అణిచివేస్తున్న హాంకాంగ్ పోలీసులను సమర్థిస్తూ పోస్టు పెట్టడంతో బాయ్‌కాట్ మొదలైంది. 2020లో సినిమా వచ్చాక, చివరి పేర్లలో, వీగర్ ముస్లింలను నిర్బంధిస్తున్నారన్న ఆరోపణలున్న షిన్‌జియాంగ్ ప్రాంతపు ప్రభుత్వ విభాగాలకు కృతజ్ఞతలు చెప్పారని ఇంకో దుమారం. మరోపక్క తెర మీద అందరూ ఆసియా ముఖాలే అయినా దర్శకురాలు న్యూజిలాండ్ ఆవిడ, రాసినవాళ్లలోనూ చైనావాళ్లు లేరు. చైనా ప్రేక్షకులకే అది తమ కథలా అనిపించలేదు. కోవిడ్ కాలంలో వచ్చిన సినిమా కాబట్టి వసూళ్లు చూసి తీర్పు చెప్పడం అన్యాయం. కానీ ఒక సంగతి తెలిసింది. ఊరు కలిసిన మనిషిని తెర మీద నిలబెట్టినంత మాత్రాన కథ ఆ ఊరిది అయిపోదు.

అల్లాదీన్ దగ్గరకొస్తే ఈ కొలత ఇంకా తికమక పడుతుంది. 2019 సినిమాకు కైరోలో పుట్టిన మేనా మసూద్‌ని హీరోగా, తల్లి వైపు గుజరాతీ మూలాలున్న బ్రిటిష్ నటి నయోమీ స్కాట్‌ని జాస్మిన్‌గా తీసుకున్నారు. అరబ్బు రాకుమారికి సగం భారతీయురాలేమిటి, గోధుమ రంగు వాళ్లందరూ ఒకటేనా అని కోపగించుకున్నారు. ఆ కోపంలో అర్థముంది. షూటింగ్‌లో కొందరు తెల్లవాళ్లకు గోధుమ రంగు మేకప్ వేశారన్న వార్త వచ్చినప్పుడు ఇంకా అర్థముంది. కానీ అసలు కథ ఎక్కడిది? పద్దెనిమిదో శతాబ్దంలో సిరియాలోని అలెప్పోకు చెందిన హన్నా దియాబ్ చెప్పగా ఫ్రెంచి రచయిత గాలాన్ రాసుకున్న కథ అది. అందులో అల్లాదీన్ ఉండేది చైనాలో. 1992 కార్టూన్‌లోని అగ్రబా ఏ మ్యాపులోనూ దొరకదు. లేని ఊరికి స్థానికుడు ఎక్కడ దొరుకుతాడు? కాబట్టి నిజమైన ఊరూ నిజమైన జాతీ ఉన్న కథకు ఈ కొలత వాడాలి, లేని ఊరికి మరీ పట్టుబట్టకూడదు.

దీపంలో భూతం జీనీగా వేసిన విల్ స్మిత్‌ది ఇంకో తమాషా. మొదట వచ్చిన ఫొటోల్లో నీలం రంగు లేదని తిట్టారు. 2019 ఫిబ్రవరిలో టీవీ ప్రకటనలో నీలంగా కనిపించేసరికి ఈ నీలమేంటి బాబోయ్ అని మళ్లీ తిట్టారు. మే నెలలో సినిమా వచ్చి 105 కోట్ల డాలర్లు వసూలు చేసింది. సినిమాకు ముందు వచ్చే గోలను ఎంత లెక్కలోకి తీసుకోవాలో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక మూడో కొలత. దీనికి అసలు పరీక్ష 'ద లిటిల్ మెర్మెయిడ్'. 2019 జూలైలో కథానాయిక, మత్స్యకన్య ఏరియల్‌గా హాలీ బెయిలీ పేరు ప్రకటించారు. నల్లజాతి అమ్మాయి. అక్క క్లోయీతో కలిసి పాడుతూ అప్పటికే పేరు తెచ్చుకుంది. గ్రామీ వేడుకలో ఆమె పాట విన్న దర్శకుడు రాబ్ మార్షల్ ఆడిషన్‌కు పిలిపించాడు. ఆ ప్రకటనతో ఈమె మా ఏరియల్ కాదంటూ హ్యాష్‌ట్యాగ్ మొదలైంది. ఎర్ర జుట్టు ఏదని అడిగారు, డెన్మార్క్ కథ కదా అన్నారు. సముద్రపు లోతుల్లో ఎండ పడదు కాబట్టి అక్కడి జీవులు పాలిపోయి ఉంటాయని సైన్స్ చెప్పినవాళ్లూ ఉన్నారు. కార్టూన్‌లో ఎర్ర పీత బ్యాండుమేళం పెట్టి పాట పాడినప్పుడు ఈ సైన్స్ ఎక్కడికి పోయిందో!

డెన్మార్క్ వాదన కాస్త విప్పి చూద్దాం. ఆండర్సన్ 1837లో రాసిన కథలో మత్స్యకన్యకు నీలి కళ్లు, గులాబీ రేకులాంటి చర్మం ఉన్న మాట నిజమే. కానీ ఏరియల్ అన్న పేరు అందులో లేదు. మంత్రగత్తె ఆ పిల్ల నాలుకనే కోసేస్తుంది. చివరకు రాకుమారుడు వేరే అమ్మాయిని పెళ్లాడితే ఈమె నురగైపోతుంది. 1989 కార్టూన్ పేరు పెట్టి, పెళ్లి చేసి, ముగింపు మార్చేసింది. పైగా పీత సెబాస్టియన్ చేత కరీబియన్ యాసలో మాట్లాడించి, కాలిప్సో బాణీలో పాడించింది. అంటే మనందరి మనసులో ఉన్న ఆ సముద్రం 1989 నుంచే కోపెన్‌హాగెన్ వైపు కంటే జమైకా వైపు ఎక్కువగా ఉంది. 2023 సినిమా కథను నేరుగా కరీబియన్ దీవుల్లోనే పెట్టింది.

2022 సెప్టెంబరులో మొదటి టీజర్ వచ్చింది. అందులో చాలాసేపు నీళ్లూ, చేపలూ, మునిగిన ఓడే. చివర్లో హాలీ ముఖం దగ్గరగా కనిపించి ఆ ప్రసిద్ధమైన పాటలో ఒక్క ముక్క పాడుతుంది. ఆ ఒక్క ముక్కకే లక్షల్లో డిస్‌లైకులు వచ్చాయని వార్తలు. యూట్యూబ్ అంతకుముందు ఏడాదే డిస్‌లైకుల సంఖ్యను దాచేసింది కాబట్టి ఆ లెక్క బయటి టూల్స్ వేసిన అంచనా. అదే వారంలో ఇంకో రకం వీడియోలు కూడా తిరిగాయి. నల్లజాతి తల్లిదండ్రులు తమ చిన్నపిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి అదే టీజర్ చూపించారు. ముఖం కనబడగానే ఆ పిల్లలు అమ్మవైపు తిరిగి, నాలాగే ఉందే అన్నట్టు నోరు తెరుస్తారు. ఒకే టీజరు, ఒకే ముక్క.

ఇక్కడే నా ఓటు మూడో కొలతకు పడింది. ఏరియల్ కథ నడిచేది గొంతు మీద. ఆమె గొంతు తాకట్టు పెడితేనే కాళ్లు వస్తాయి. రాకుమారుడు వెతికేది ఆ గొంతునే. ఆ గొంతు పోయిందే అని ప్రేక్షకుడి ప్రాణం ఉసూరుమనకపోతే రెండో సగం నిలబడదు. కాబట్టి ఆ పాత్రకు ముందు వెతకాల్సింది గొంతు. సినిమా చూశాక మెచ్చనివాళ్లు కూడా హాలీ పాటను తప్పు పట్టలేకపోయారు. వాళ్లు పట్టిన తప్పులు వేరే: సముద్రం అడుగు సన్నివేశాలు మసకగా ఉన్నాయని, ఏరియల్ నేస్తం ఫ్లౌండర్ అనే చేప, మార్కెట్లో ఐసు మీద పెట్టిన చేపలా ఉందని. అవి సబబైన తప్పులే. వసూళ్లు దాదాపు 57 కోట్ల డాలర్లు, అందులో సగానికి పైగా అమెరికాలోనే. చైనా, దక్షిణ కొరియాల్లో ఆడలేదు. పెద్ద హిట్టు కాదు, మునిగిపోనూలేదు. పాత ఏరియల్‌కు గొంతిచ్చిన జోడీ బెన్సన్ మొదట్లోనే కొత్తమ్మాయి వైపు నిలబడింది. ఆ మాట బాగా పనిచేసిందని నా లెక్క.

అదే మూడో కొలతతో 'స్నో వైట్' ఎందుకు బోల్తా పడింది? రేచెల్ జెగ్లర్ కూడా గొప్పగా పాడుతుంది, తల్లి వైపు కొలంబియా మూలాలు. కానీ గ్రిమ్ సోదరుల కథలో కీలకం పాట కాదు, అందరికంటే అందగత్తె ఎవరో రాణికి చెప్పే అద్దం. మంచులాంటి తెల్లని చర్మం అని కథ మొదట్లోనే ఉంది, ఆ అమ్మాయి పేరూ అదే. పైగా రాణిగా గాల్ గాడోట్‌ని పెట్టేసరికి, అద్దం ఎవరి పేరు చెబుతుందో అని మీమ్స్ మొదలయ్యాయి. మంచుతుఫానులో పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టారని సినిమా సర్దిచెప్పింది, అందం అంటే మంచి మనసు అంది. వినడానికి బాగానే ఉంది. కానీ అద్దం కథకు అది సరిపోయే జవాబు కాదు. ఏరియల్‌కు కుదిరిన మార్పు ఇక్కడ కుట్టు కనిపించే మార్పు అయింది. ఇది జెగ్లర్ తప్పు కాదు. పాత్రకు ఏం కావాలో తేల్చుకోకుండా గొంతు చూసి తీసుకున్నవాళ్ల తప్పు.

ఆ సినిమాలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మాత్రం జెగ్లర్ రంగు మీద జరిగిన రచ్చ కాదు, ఏడుగురు మరుగుజ్జుల వ్యవహారం. 2022 జనవరిలో నటుడు పీటర్ డింక్లేజ్ ఒక పాడ్‌కాస్ట్‌లో, ఒకపక్క ప్రగతి అంటూ ఇంకోపక్క గుహలో ఏడుగురు మరుగుజ్జుల కథ ఇంకా తీస్తారా అని నిలదీశాడు. పాత మూసను బలపరచకుండా వేరేగా తీస్తామని స్టూడియో చెప్పింది. చివరకు చేసిందేమిటంటే, ఏడుగురినీ కంప్యూటర్లో గీసేశారు. పొట్టితనం ఉన్న నటులు కొందరు, మాకు దొరికే కాసిని పాత్రల్లో ఏడు పోగొట్టారని మొత్తుకున్నారు. ఆ ఏడుగురికి గొంతిచ్చినవాళ్లలో గ్రంపీకి మాటలు చెప్పిన మార్టిన్ క్లెబ్బా ఒక్కడే అలాంటి నటుడు. ఇక్కడ కావలసింది రెండో కొలత. ఆ మనుషుల కథను ఆ మనుషులకే ఇచ్చి, పాత్రల్ని మర్యాదగా రాస్తే సరిపోయేది. ఇంత గొడవలో నిజంగా తిండి పోయిన వాళ్ల మాట అన్నిటికంటే తక్కువగా వినబడింది.

ఆపైన పాత సినిమాలో రాకుమారుడి తీరు వింతగా ఉంటుందని జెగ్లర్ అన్న ఇంటర్వ్యూను ఏడాది తర్వాత తవ్వితీశారు. పాలస్తీనాపై ఆమె మాట, గాడోట్ ఇజ్రాయెలీ కావడం, రెండు వైపుల నుంచీ బాయ్‌కాట్ పిలుపులు. 2025 మార్చి 21న వచ్చిన సినిమా మొత్తం మీద 20 కోట్ల డాలర్ల పైచిలుకు దగ్గర ఆగింది, ఖర్చు అంతకంటే ఎక్కువ. దీన్ని చూపించి చూశారా, పోలిక వదిలేస్తే ఇంతే అనేవాళ్లున్నారు. ఇన్ని కత్తిపోట్లలో ప్రాణం తీసింది ఏదో ఎలా చెబుతారు?

మన దగ్గర ఈ సినిమాల ఎంపిక చెవితో జరుగుతుంది. అల్లాదీన్ తెలుగులో జీనీ వెంకటేశ్, అల్లాదీన్ వరుణ్ తేజ్. లయన్ కింగ్‌లో నాని, జగపతిబాబు, బ్రహ్మానందం, అలీ. 2024లో ముఫాసాకు మహేశ్‌బాబు గొంతు అంటే అభిమానులు సొంత సినిమా రిలీజంత హడావుడి చేశారు. విల్ స్మిత్ నోట్లోంచి వెంకీ గొంతు వస్తుంటే పోలిక ఏదని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. హీరోయిన్ ముఖం ఒకరిది, మాట సునీతదో చిన్మయిదో అయిన సినిమాలు చూస్తూ పెరిగిన చెవులు మనవి. అలాగని మనం విశాల హృదయులమని మురిసిపోనక్కర్లేదు. ముఖానికి ముంబయి, గొంతుకు హైదరాబాద్ అన్న మన పద్ధతి కూడా పోలిక కొలతే, కాకపోతే గొంతు కొరత కనబడకుండా కప్పుతాం.

కాబట్టి నేనైతే ఈ వరుసలో అడుగుతాను. కథ నిజంగా ఒక జాతిదో, ఒక రకం శరీరం ఉన్న మనుషులదో అయితే రెండో కొలతే, మారుమాట లేదు. కాకపోతే కథ దేని మీద నడుస్తోందో చూసి మూడోది. పోలికను మేకప్‌వాళ్లకు వదిలేయొచ్చు.

2024లో పొడవాటి బంగారు జుట్టు రాకుమారి రపంజెల్‌గా అవంతిక వందనపు అంటూ ఒక పుకారు లేచింది. తెలుగు కుటుంబంలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగి, 'బ్రహ్మోత్సవం', 'మనమంతా'లలో చిన్నప్పుడే కనిపించిన అమ్మాయి. స్టూడియో ప్రకటించలేదు, ఆమె చెప్పలేదు. అయినా ఆమె ఇన్‌స్టాగ్రామ్ కింద రంగు మీదా పుట్టుక మీదా రాయకూడనివన్నీ రాశారు. బంగారు జుట్టు ఎక్కడిదని వాళ్ల ప్రశ్న. డిస్నీ కార్టూన్‌లో రపంజెల్ జుట్టు డెబ్బై అడుగులు. అంత జుట్టు ఏ దేశపు అమ్మాయికీ ఉండదు, ఎవరిని తీసుకున్నా సవరం పెట్టాల్సిందే.