కొత్త మినీ ట్రాక్టర్ పదే పదే ఆగిపోతోందా? మళ్లీ రిపేరా, కంపెనీ తనిఖీయా, బండి మార్పిడా: ఏది మేలు?

"వారంటీలోనే ఉంది, అయినా నెలకోసారి షెడ్డుకెళ్తోంది. ఇంకా రిపేర్ చేయించుకుంటూ పోవాలా, బండి మార్చి ఇమ్మని పట్టుబట్టాలా?" మినీ ట్రాక్టర్ కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లు బండి ఎన్నిసార్లు ఆగిందో లెక్క చెబుతారు. ఎందుకు ఆగిందని తేల్చారో చెప్పేవాళ్లు మాత్రం అరుదు. ఏ దారి మేలో తేలేది అక్కడే. ఆగడానికి కారణం ఎవరైనా కొలిచి చూసి కాగితం మీద రాసిచ్చారా? ఇచ్చుంటే ఒక దారి, ఇవ్వకపోతే ఇంకో దారి.

డీలర్ దగ్గరే మళ్లీ రిపేర్

దగ్గరి దారి ఇదే. ఖర్చుండదు, వారంటీకి ఇబ్బంది రాదు. కొత్త బండిలో మొదటి 50 గంటల్లో బెల్టు సాగుతుంది, వీల్ బోల్టులు, పైపుల క్లిప్పులు వదులవుతాయి, ఒకట్రెండు సీళ్ల దగ్గర ఆయిల్ చెమ్మ కనబడుతుంది. 50 గంటల సర్వీసు పెట్టేది అందుకే కాబట్టి వీటిని బ్రేక్‌డౌన్ల లెక్కలో వేయకండి. ఒకసారి లైట్ల వైరు, మరోసారి హైడ్రాలిక్ పైపు, ఇంకోసారి క్లచ్ కేబుల్ అన్నట్టు వేర్వేరు చిన్న పనులైతే డీలర్ మెకానిక్కే చాలు.

ఒకే జబ్బు తిరగబెడుతుంటే కథ వేరు. పొలంలో అరగంట రోటవేటర్ తిప్పాక ఆగిపోయే బండి షెడ్డుకొచ్చేసరికి చల్లబడి ఉంటుంది, లోడు ఉండదు. తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. పైగా వారంటీ పనికి కంపెనీలు డీలర్‌కిచ్చే కూలీ చాలాచోట్ల పనికింత అని ముందే కట్టిన గంటల లెక్క. వచ్చిపోయే జబ్బును పట్టడానికి పూటంతా కూర్చుంటే ఆ లెక్కలో గిట్టుబాటు కాదు. అందుకే అనుమానం వచ్చిన పార్టు ఒకటి మార్చి పంపేస్తారు. మెకానిక్ చేతకానివాడని కాదు, అతని పని అలా కట్టేసి ఉంది.

దీనివల్ల మీకు జరిగే అసలు నష్టం జాబ్ కార్డులో ఉంటుంది. మొదటిసారి "స్టార్టింగ్ ప్రాబ్లం, చెక్ చేశాం, ఓకే" అని రాస్తారు. రెండోసారి "డీజిల్ ఫిల్టర్ మార్చాం" అని, మూడోసారి "బ్యాటరీ ఛార్జ్ చేశాం" అని ఉంటుంది. పొలంలో జరిగింది ఒక్కటే అయినా కాగితం మీద అవి మూడు వేర్వేరు ఫిర్యాదులు. రేపు బండి మార్చమని అడిగితే కంపెనీ చూసేది ఆ కాగితమే. కాబట్టి జబ్బు మీ మాటల్లోనే, ప్రతిసారీ అవే మాటల్లో రాయించండి: "రోటవేటర్ లోడు మీద 30 నిమిషాలకు ఇంజిన్ దానంతటదే ఆగుతుంది, 10 నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది." దాని పక్కనే అవర్ మీటర్ (ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్) రీడింగ్, బండి ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, మార్చిన పార్టు నంబరు ఉండాలి. కాపీ చేతికి రాకుండా బండి తీసుకోవద్దు. ఫోన్‌లో చెప్పింది, నోటిమాటగా చెప్పింది లెక్కలోకి రాదు.

కంపెనీ ఇంజినీరును పొలానికి రప్పించడం

ఒకే జబ్బు రెండు రిపేర్ల తర్వాత కూడా వస్తే నా ఓటు దీనికే. కష్టం కొంచెం ఎక్కువైనా, మిగతా దారులన్నిటికీ కావలసిన ఆధారం పుట్టేది ఇక్కడే.

కంపెనీ కస్టమర్ కేర్‌కు, డీలర్‌కు ఒకే లేఖ రాతపూర్వకంగా పంపండి. అందులో చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, కొన్న తేదీ, ప్రతి జాబ్ కార్డు తేదీ, అప్పటి అవర్ మీటర్ రీడింగ్ ఉండాలి. అడగాల్సింది మూడే: బండిని మా పనిముట్టుతో లోడు మీద నడిపి చూడాలి, తీసిన రీడింగులతో రిపోర్టు రాసివ్వాలి, ఫలానా తేదీలోపు రావాలి. కోపం, తిట్లు ఆ లేఖలో వద్దు. అవి ఉంటే చదివేవాడు సమాధానం వాటికే ఇస్తాడు.

ఇంజినీరు వచ్చాక ఏం కొలవమనాలో మీకు తెలిసుండాలి. తెలియకపోతే అతనూ ఒక పార్టు మార్చి వెళ్తాడు.

వేడెక్కాక, లోడు మీద ఆగిపోయే ఇంజిన్‌కు ముందు డీజిల్ దారి చూడాలి. ఆగిన క్షణంలోనే ట్యాంకు మూత తిప్పండి. గాలి సుయ్‌మని లోపలికి పోయి, బండి వెంటనే స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి ఖాళీ ఏర్పడి పంపుకు డీజిల్ అందడం లేదన్నమాట. మూత తీసినా తేడా లేకపోతే ఫిల్టర్‌కు, ఫీడ్ పంపుకు మధ్య జానెడు పారదర్శక పైపు వేసి నడపాలి. అందులో బుడగలు పరుగెడితే పీల్చే వైపు ఎక్కడో గాలి లాగుతోంది: క్లిప్పు, ఫిల్టర్ రబ్బరు రింగు, నీళ్లు వదిలే స్క్రూ, ఈ మూడూ ముందు చూడాలి. "ఎక్కడా కారడం లేదు కదా" అని మెకానిక్ అంటే ఆగిపోకండి. పీల్చే వైపు పైపులో పీడనం బయటి గాలికన్నా తక్కువ. అక్కడ చీలిక ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. ఈ పరీక్ష తక్కువ పీడనం ఉండే పైపు మీదే చేయాలి. ఇంజెక్టర్ వైపు పైపులను ఇంజిన్ తిరుగుతుండగా విప్పితే చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, అది ప్రాణం మీదికి తెచ్చే గాయం.

డీజిల్ సరిగా అందుతుంటే తర్వాత చూడాల్సింది స్టాప్ సోలినాయిడ్, అంటే ఇంజిన్‌కు డీజిల్ దారి తెరిచి మూసే కరెంటు పార్టు. కరెంటు ఉన్నంతసేపూ డీజిల్ దారి తెరిచి ఉంచే రకమైతే, ఇంజిన్ ఆగిన వెంటనే తాళం ఆన్‌లోనే ఉంచి దాని వైరు దగ్గర వోల్టేజీ చూడాలి. 12 వోల్టులు వస్తున్నా ప్లంజర్ (దాని లోపల కదిలే కడ్డీ) పడిపోతే కాయిల్ వేడికి చచ్చుబడుతోంది. వోల్టేజీయే లేకపోతే ఫ్యూజు, రిలే, సీటు కింది స్విచ్, పీటీవో (పనిముట్టును తిప్పే షాఫ్టు) స్విచ్, క్లచ్ స్విచ్ వరుసగా వెతకాలి. గతుకుల్లో డ్రైవర్ సీటు నుంచి కాస్త లేచినప్పుడే ఆగుతుంటే అనుమానం సీటు స్విచ్ మీదికి పోతుంది. అయినా దాన్ని వైరు ముక్కతో కలిపి బైపాస్ చేయనివ్వకండి. డ్రైవర్ జారిపడినా పీటీవో తిరుగుతూనే ఉంటుంది, వారంటీ కొట్టేయడానికి కంపెనీకి సాకూ దొరుకుతుంది.

స్టార్టింగ్‌దే బాధయితే మల్టీమీటర్ ఒక్కటి చాలు. రాత్రంతా నిలిపిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. స్టార్టర్ తిప్పుతూ బ్యాటరీ నెగటివ్ బిళ్లకు, ఇంజిన్ బ్లాకుకు మధ్య కొలిస్తే అర వోల్టు దాటకూడదు. దాటితే ఎర్తింగ్ పట్టు లేదు. పెయింటు మీదే ఎర్త్ బోల్టు బిగించిన కొత్త బండ్లలో ఇది వస్తుంది. అలాంటప్పుడు బ్యాటరీ ఎన్నిసార్లు మార్చినా అంతే.

పెడల్‌తో నడిచే హైడ్రోస్టాటిక్ బండి (గేర్లకు బదులు ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పే రకం) వేడెక్కాక లాగడం మానేస్తే ఛార్జ్ ప్రెషర్ (ఆ పంపుకు ఆయిల్ అందించే పీడనం) చల్లగా ఉన్నప్పుడొకసారి, బాగా వేడెక్కాక ఒకసారి గేజ్ పెట్టి కొలిపించి, రెండూ సర్వీస్ మాన్యువల్ అంకెతో పోల్చమనండి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిసుంటాయి. నురగ కడితే గాలి లాగుతోంది. ఫిల్టర్ కోసి చూసినప్పుడు ఇనుప మెరుపు కనబడితే ఆ ఫిల్టర్‌ను కవర్లో వేసి మీరే దాచుకోండి. అప్పుడు పంపు ఒక్కటే మారిస్తే సరిపోదు. కూలర్‌లో, పైపుల్లో మిగిలిన పొడి కొత్త పంపును కూడా తినేస్తుంది. మొత్తం దారి కడిగించి, ఆ మాట జాబ్ కార్డులో రాయించాలి.

పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉన్న మోడల్లో దాని హెచ్చరిక దీపం పదే పదే వెలుగుతుంటే అన్నిసార్లూ అది లోపం కాదు. గంటల తరబడి తక్కువ ఆర్‌పీఎమ్‌లో నడిపితే మసి కాలేంత వేడి పుట్టదు. ముందు నడిపే తీరు మార్చి చూడాలి.

కంపెనీ ఇంజినీరు సాధారణంగా అనే మొదటి మాట "డీజిల్ కల్తీ". డీజిల్ కల్తీ వల్ల వచ్చే నష్టానికి వారంటీ వర్తించదు కాబట్టి ఆ మాటకు ముందే సిద్ధంగా ఉండాలి. ట్యాంకు అడుగు నుంచి, ఫిల్టర్ గిన్నె నుంచి రెండేసి గాజు సీసాల్లో నమూనా తీసి, తేదీ వేసి సీలు చేయండి. ఒక జత వాళ్లకు, ఒక జత మీకు. అలాగే సర్వీసు బిల్లులు, వాడిన ఆయిల్ గ్రేడు, పనిముట్టు సైజు మాన్యువల్‌కు సరిపోయేట్టు చూసుకోండి. బండి హార్స్‌పవర్‌కు మించిన రోటవేటర్ కడితే మీ వాదన అక్కడే పడిపోతుంది.

బండి మార్చి ఇమ్మనడం, లేదా డబ్బు వాపసు

కోపంలో అందరికీ ముందు తట్టేది ఇదే. కారణం తేలకముందే దీని మీదికి పోవద్దనే అంటాను. మార్పిడి అంటే సాధారణంగా అదే మోడల్లో ఇంకో బండి. వైరింగ్ చాసిస్ అంచుకు రాసుకునేలా వేయడమే అసలు లోపమైతే, కొత్త బండిలోనూ వైరు అక్కడినుంచే పోతుంది. మళ్లీ మొదటికొస్తారు. కారణం తెలిస్తేనే అదే మోడల్ తీసుకోవాలా, వేరే మోడల్ అడగాలా, డబ్బే తీసుకోవాలా తేల్చుకోగలరు.

రిపోర్టులో కారణం రాసి, దానికి తగ్గ రిపేర్ చేశాక కూడా అదే జబ్బు వస్తే ఇక వెనకాడొద్దు. ఇంజిన్, గేర్ బాక్సు, హైడ్రోస్టాటిక్ లాంటి పెద్ద అసెంబ్లీ రెండోసారి పోయినా, రాతపూర్వకంగా అడిగినా గడువులోపు ఎవరూ రాకపోయినా అంతే. బ్రేకు, స్టీరింగు, న్యూట్రల్‌లో పెట్టినా బండి కదలడం లాంటివైతే ఎన్నోసారి అన్న లెక్కే వద్దు. ఆ రోజే వాడకం ఆపి రాతపూర్వకంగా చెప్పేయాలి.

ఒప్పుకున్నాక కూడా కాగితం చూడాలి. నడిపిన గంటలకు కోత వేస్తారా, కొత్త బండికి వారంటీ మొదటి రోజు నుంచి మొదలవుతుందా లేక పాతదాని మిగులేనా, రిజిస్ట్రేషన్, లోను కాగితాలు మార్చే ఖర్చు ఎవరిది, మీ లోడర్ బ్రాకెట్లు దానికి సరిపోతాయా, ఇవన్నీ సంతకానికి ముందే తేలాలి. పార్టు మారిస్తే చాలాచోట్ల దాని వారంటీ బండి వారంటీతోనే ముగిసిపోతుంది. గడువు దగ్గర పడుతుంటే, తిరగబెట్టే ఆ ఒక్క జబ్బుకు మాత్రం గడువు పొడిగిస్తూ లేఖ అడగండి. పూర్తి మార్పిడి ఇవ్వని కంపెనీ కూడా ఇలాంటి లేఖ ఇవ్వడానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

మధ్యే మార్గంగా అసెంబ్లీ మొత్తం మార్చడం ఉంది. లోపం ఆ అసెంబ్లీలోనే అని రీడింగులతో తేలితే నాకు మార్పిడికన్నా ఇదే నచ్చుతుంది. మిగతా బండి బాగుందని మీకు ఎలాగూ తెలుసు.

మిగతా దారులు

బయటి మెకానిక్‌తో చేయించుకోవడం వారంటీ ఉన్నన్నాళ్లూ దండగ. అతనితో రీడింగులు తీయించుకోండి గానీ, పార్టులు విప్పనివ్వకండి. జబ్బు దాచి అమ్మేయడం ఇంకొకరి నెత్తిన రుద్దడమే, ఆ దారి వద్దు. వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్లాల్సి వస్తే వెళ్లాలి, పైన చెప్పిన జాబ్ కార్డులు, లేఖలు, రిపోర్టు లేకుండా మాత్రం కాదు.

ఏ దారి ఎంచుకున్నా బండి తిరిగి తీసుకునే రోజు ఒక పని తప్పనిసరి. ఇదివరకు ఎంతసేపటికి ఆగిపోయేదో అంతకు రెండింతలసేపు లోడు మీద నడిపి చూశాకే "పని పూర్తయింది" అన్నచోట సంతకం పెట్టండి. షెడ్డులో పనిముట్టు లేదు, పొలం లేదు అంటే సంతకం పక్కనే "లోడు మీద పరీక్షించలేదు" అని మీ చేత్తో రాసి, తేదీ, అవర్ మీటర్ రీడింగ్ వేసి తెచ్చుకోండి.