అమీర్‌పేటలో పైథాన్ కోర్సు: లెక్కల వరకు సూపర్, ల్యాబ్ దండగ

మైత్రీవనం పక్క సందులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో రెండు నెలల పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష) కోర్సు పోయిన వారమే అయిపోయింది, పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే తిట్టేది కూడా ఉంది. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఆ తర్వాత బీకాం, కాబట్టి డెమో క్లాసులో సార్‌ని మొదట అడిగింది "నాకు లెక్కలు అంతంతమాత్రం సార్, నడుస్తుందా?" అనే. "గసాభా కనుక్కోవడం వచ్చా?" అన్నారు. రెండు సంఖ్యల్నీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద సంఖ్యే కదా, వచ్చన్నాను. "చాలమ్మా, కూర్చో" అన్నారు.

నాలుగో క్లాసులో అదే గసాభా బోర్డెక్కింది. 252ని 105తో భాగిస్తే శేషం 42, 105ని 42తో భాగిస్తే 21, 42ని 21తో భాగిస్తే సున్నా, అంటే జవాబు 21. చిన్నప్పుడు బడిలో చేసిందే, యూక్లిడ్ దాదాపు 2,300 ఏళ్ల కిందట రాసిపెట్టిందే. వైల్ లూప్‌లో, అంటే ఒక షరతు ఉన్నంతసేపు అదే పని మళ్లీ మళ్లీ చేయించే కోడ్‌లో పెడితే మూడు లైన్లు: శేషం సున్నా అయ్యేదాకా తిప్పడమే. పైథాన్‌లో శేషానికి పర్సెంట్ గుర్తు వాడతారని తెలియక నేను కాసేపు శాతాలు తీస్తున్నారనుకున్నాను, అది వేరే సంగతి.

ఇక ఎక్స్ = ఎక్స్ + 1 అని రాయగానే వెనక బెంచీ అబ్బాయి లేచి "రెండువైపులా ఎక్స్ కొట్టేస్తే 0 = 1 వస్తుంది కదా సార్" అన్నాడు. అందరూ నవ్వారు గానీ నా డౌటూ అదే. కుడివైపు లెక్క కట్టి ఎడమవైపున్న ఎక్స్ అనే డబ్బాలో వేయమని దానర్థమట, సమానమా కాదా అని అడగాలంటే = గుర్తు రెండుసార్లు రాయాలట. 0.1 + 0.2 చేస్తే 0.30000000000000004 వచ్చిన రోజు మాత్రం బీకాం మనిషిని కదా, గుండె జారిపోయింది. మూడో వంతును దశాంశాల్లో 0.333 అని రాసుకుంటూ పోవడమే తప్ప ముగించలేం, కంప్యూటర్ వాడే బైనరీలో, అంటే అన్నీ 0, 1 అంకెలతోనే రాసే పద్ధతిలో, పదో వంతు గతీ అంతే. డబ్బు లెక్కలైతే పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా పెట్టుకోమన్నారు.

ల్యాబ్ అంటారా, సిస్టమ్ ఆన్ అయ్యేలోపు కిందికెళ్లి చాయ్ తాగి రావచ్చు. నలభై మందికి పదిహేను సిస్టమ్‌లు. 'లైవ్ ప్రాజెక్టు' అంటే జిరాక్స్ కాగితం మీది కోడ్ చూసి టైపు కొట్టడమే, దానికి విడిగా ఫీజు అడుగుతారు, కట్టకండి. చేరితే ఉదయం 7:30 బ్యాచ్‌లో చేరండి, ఫ్యాన్ కింద సీటైనా దొరుకుతుంది.