సెరామిక్ కోటింగ్ చేయించే ముందు ఒక్కసారి ఇది చదవండి, నా బానెట్ పాడైపోయింది

కారుకి సెరామిక్ కోటింగ్, అంటే పెయింట్ మీద వేసే సన్నటి రక్షణ పొర, చేయిద్దాం అనుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క రెండు నిమిషాలు ఆగండి. నాది నల్ల కారు, నాలుగేళ్ళ బండి, పెయింట్ బాగానే ఉంది గానీ ఎండలో పెడితే సాలెగూడులాగా సన్నగీతలు కనపడేవి, దుమ్ముమీదే పొడిగుడ్డ పెట్టి తుడవటం వల్ల వచ్చినవి అవి. గీతలన్నీ పోతాయి, ఏళ్ళ తరబడి అద్దంలా మెరుస్తుంది, వారంటీ కార్డు కూడా ఇస్తాం అన్నారు కోటింగ్ షాపువాళ్ళు, సరే అని పొద్దున బండి ఇచ్చేసి వచ్చా, సాయంత్రానికల్లా రెడీ అని ఫోన్ చేశారు.

అక్కడే ఉంది తేడా అంతా. బండి కడగాలి, క్లే బార్‌తో పెయింట్‌లో ఇరుక్కున్న మురికి లాగాలి, పాలిష్ చెయ్యాలి, ఆ పాలిష్ తాలూకు నూనె మొత్తం తుడిచెయ్యాలి, అప్పుడు కోటింగ్ వేసి ఆరనివ్వాలి, ఇంత పని ఒక్క పూటలో ఎలా అవుతుందండీ?

తెచ్చుకున్న రోజు మాత్రం మొహం చూసుకునేలా ఉంది, ఇంట్లో అందరూ బయటికొచ్చి చూశారు కూడా. నాలుగు వాష్‌లు అయ్యేసరికి పాత గీతలన్నీ మళ్ళీ తేలాయి. అంటే అవి పోలేదు, పాలిష్ చేసే గరుకు పేస్టు, అదే కాంపౌండ్‌లో ఉండే నూనె, ఫిల్లర్ ఆ గీతల్లో నిండి కనపడకుండా చేశాయి, అంతే. పైగా కొత్తవి ఇంకో రకం, ఎండ పడితే డోర్ మీద మెషీన్ తిరిగిన దారంతా సుడులు సుడులుగా కనిపిస్తుంది, మనం పక్కన నడుస్తుంటే ఆ వెలుగు చారలు కూడా మనతోపాటే జరుగుతాయి. హోలోగ్రామ్స్ అంటారు వీటిని. రోటరీ మెషీన్‌కి ఊలు ప్యాడ్ తగిలించి గరుకు కాంపౌండ్‌తో లాగించేసి, తర్వాత ఫినిషింగ్ పాలిష్ ఎగ్గొడితే వచ్చేవి.

ఇవన్నీ ఒక ఎత్తు, బానెట్ ఒక ఎత్తు. ముందు అంచు మడత దగ్గర బెత్తెడు పొడవున మెరుపు చచ్చిపోయి పాలిపోయినట్టు ఉంది, చుట్టూ మ్యాప్‌లో గీసినట్టు ఒక హద్దు, తడిపితే కనపడదు, ఆరగానే మళ్ళీ కనపడుతుంది. తెలిసిన పెయింటర్‌కి చూపిస్తే వేలితో ఇలా రాసి, క్లియర్ కోట్ తినేశారు బాబూ, ఇక పాలిష్‌తో అయ్యేది కాదు అన్నాడు. క్లియర్ కోట్ అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర. చాలా బళ్ళకి క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లే ఉంటుంది, తలవెంట్రుకంత మందం కూడా ఉండదు, అంచుల్లో మడతల్లో ఇంకా పల్చన, అక్కడ మెషీన్ ఒక్క క్షణం ఎక్కువ నొక్కినా వేడికి పోతుంది.

అడగటానికి వెళ్తే మీరే సరిగ్గా కడగలేదు సార్ అన్నారు. వారంటీ కార్డు తీసి చదివితే అది కోటింగ్‌కి మాత్రమే, పెయింట్‌కి కాదు, అది కూడా వాళ్ళ దగ్గరే వాష్‌లు చేయిస్తేనే. ముందే చదవాల్సింది, మీరైనా చదవండి.

9హెచ్ హార్డ్‌నెస్ అని గొప్పగా చెప్తారు చూడండి, అది పెన్సిల్ గీసి చూసే టెస్టు, రాయి తగిలినా గీత పడదని అర్థం కాదు. ఆ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు, దుమ్ము తొందరగా పట్టకుండా, నీళ్ళు జారిపోయేలా చేస్తుంది, నిజంగా బాగానే పనిచేస్తుంది, నాకు కోటింగ్ మీద కోపం లేదు. కింద పెయింట్ ఎలా ఉంటే పైన అదే కనపడుతుంది కాబట్టి డబ్బంతా పాలిష్ పనికే పెడుతున్నట్టు లెక్క.

అందుకని ముందు గేజ్‌తో పెయింట్ మందం కొలవమనండి, ఒక చిన్నచోట టెస్ట్ చేసి చూపించమనండి, అన్నిటికన్నా ముఖ్యం, కోటింగ్ వెయ్యకముందే మిమ్మల్ని పిలవమనండి. వెళ్ళి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించి బండిని ఎండలోకి తీయించి చూడండి, నూనె పోయాక కనపడేదే అసలు పెయింట్. నీళ్ళు చల్లి చుక్కలు చుక్కలుగా నిలబడుతున్నాయి చూడండి అంటే నమ్మొద్దు, మామూలు వ్యాక్స్ రాసినా నిలబడతాయి. చూడటానికి ఒప్పుకోకపోతే బండి వెనక్కి తెచ్చేసుకోండి, మొహమాటపడొద్దు.

నేనైతే బానెట్ మొత్తం మళ్ళీ పెయింట్ వేయించాల్సి వచ్చింది, కంపెనీ పెయింట్ పోయినందుకు ఇప్పటికీ మనసు ఒప్పట్లేదు. లోపలి సాల్వెంట్ బయటికి పోవాలి, కనీసం నెల దాకా దానిమీద వ్యాక్స్ గానీ కోటింగ్ గానీ వెయ్యొద్దన్నాడు పెయింటర్, ప్రస్తుతానికి నీళ్ళు, షాంపూ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, అంతే వాడుతున్నా.