కేథడ్రల్ వాష్: ఇరుకు లోయలోంచి కొలరాడో నది దాకా

అరిజోనాలో పేజ్ ఊరి దాకా వెళ్లే మనవాళ్లు చాలామంది యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయ, కొలరాడో నది గుర్రపునాడాలా మలుపు తిరిగే హార్స్‌షూ బెండ్ చూసేసి వెనక్కి వచ్చేస్తారు. మార్చి చివర్లో చాండ్లర్ నుంచి నేను, మావారు, తమ్ముడు, మరదలు బయల్దేరినప్పుడు మా ప్లాన్ కూడా అంతే, తమ్ముడే పట్టుబట్టి కేథడ్రల్ వాష్ (వానొస్తేనే పారే వాగు కోసిన లోయ) కోసం ఇంకో రోజు కలిపించాడు.

యాంటిలోప్ బాగుంది, కాదనను. ఆ రాతి మడతల్లోకి దిగే వెలుగు ఒక్కసారైనా చూడాలి. కానీ అది నవాహో ఆదివాసీల నేల, వాళ్ల గైడ్‌తోనే వెళ్లాలి, ముందొక గుంపు, వెనకొక గుంపు, నచ్చిన చోట కాసేపు నిలబడదామంటే కుదరదు, పైగా నలుగురికీ కలిపి నాలుగు వందల డాలర్ల దాకా అయింది. గైడ్ ఉండాలన్న నియమం మాత్రం సరైనదే. 1997 ఆగస్టులో లోయర్ యాంటిలోప్‌లో వరదొచ్చి 11 మంది చనిపోయారు, వాన కురిసింది అక్కడ కాదు, మైళ్ల దూరంలో.

అందుకే కేథడ్రల్ వాష్‌కి వెళ్లేముందు చుట్టుపక్కల వాతావరణం అంతా చూసుకుని, మబ్బు లేదని తేలాకే కదిలాం. పేజ్ నుంచి గంట లోపు ప్రయాణం. దారిలో కొలరాడో నది మీదున్న నవాహో బ్రిడ్జి దగ్గర ఆగండి, 1929 నాటి పాత వంతెన మీద ఇప్పుడు నడిచే వెళ్లాలి, అదృష్టం బాగుంటే రెక్కలకి నంబర్లు కట్టిన కాండోర్ రాబందులు కనిపిస్తాయి. మాకు రెండు కనిపించాయి. వంతెన దాటి లీస్ ఫెర్రీ రోడ్డులోకి తిరిగాక కాస్త దూరంలోనే కారు ఆపుకునే చోటు.

రానూపోనూ మూడు మైళ్లే, మాకు మాత్రం మూడున్నర గంటలు పట్టింది, ఎందుకంటే ఇక్కడ దారంటూ లేదు, వాగు కోసిన సున్నపురాయి అరుగుల మీద ఎవరో పేర్చిన రాళ్ల గుర్తులు చూసుకుంటూ దిగాలి. అడుగున ఎండిన బురద పెచ్చులు వేయించిన అప్పడాల్లా అంచులు పైకి లేచి ఉన్నాయి, కాలు పెడితే కరకరమంటున్నాయి. సగం దారిలో వాగు ఒక్కసారిగా నిలువునా కిందికి పడిపోతుంది, పక్కనున్న సన్నటి అరుగు మీదుగా చుట్టి రావాలి. అక్కడ నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. "అక్కా, కిందికి చూడకు, ముందు ఎడమ కాలు పెట్టు" అంటూ తమ్ముడు ఒక్కో అడుగూ చెప్పి దింపాడు. ఎత్తంటే భయం ఉన్నవాళ్లని, చిన్నపిల్లల్ని తీసుకెళ్లమని నేను చెప్పను.

ఆ తర్వాత గోడలు ఇంకా దగ్గరకొచ్చి, చల్లగాలి తగిలి, నది కనిపించకముందే దాని హోరు వినిపించింది. ఎగువనున్న గ్లెన్ కాన్యన్ డ్యామ్ వెనక లోతుల్లోంచి వదిలే నీళ్లు కదా, మడమల దాకా దిగానో లేదో వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇసుకలో కూర్చుని పులిహోర తిన్నాం. గంటసేపు మేం నలుగురమే, ఇంకెవరూ లేరు.

బస మాత్రం బాగోలేదు. పేజ్‌లో దిగిన మోటెల్లో హీటర్ రాత్రంతా మోగుతూనే ఉంది, చెబితే గది మార్చలేదు. లీస్ ఫెర్రీలో నది పక్కనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది, మళ్లీ వెళ్తే టెంట్ అక్కడే వేస్తాం. ఇంకో మాట, నవాహో ప్రాంతంలో మార్చి నుంచి నవంబర్ దాకా టైమ్ మిగతా అరిజోనా కంటే (పేజ్ కంటే కూడా) గంట ముందుంటుంది, ఫోన్ తనంతట తానే మార్చేసుకుంటుంది, టూర్ బుక్ చేసుకున్నవాళ్లు పేజ్ టైమ్ చూసుకోండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి, మాకు కారు దగ్గరికొచ్చేసరికి ఒక్క సీసా మిగిలింది.